గ్రూపులో అడిగే ముందు

శాలిబండ

బిడ్డా,

నీతో ప్రాజెక్టు చేసే అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయిందని నిన్న ఫోన్లో బాధపడ్డావు. నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. "నీ పని ఇంకా ఎందుకు కాలేదు?" అని క్లాసంతా చూస్తుండగా పేరు పెట్టి అడిగావు. పాతబస్తీ గల్లీలో పెరిగినదానివి, నీకది మామూలే. ఇక్కడ మొహం మీదే అడుగుతారు, సాయంత్రానికి కలిసి చాయ్ తాగుతారు. నాగర్‌కర్నూలు పల్లె నుంచి వచ్చిన ఆ పిల్లకు నలుగురిలో నిలదీస్తే తల కొట్టేసినట్టయింది.

ఫోన్లో నీ నవ్వు కనపడదు కదా! ఎవరింటి అలవాటును బట్టి వాళ్లు అర్థం చేసుకుంటారు. గుంటూరు పిల్లలకు "అండి" లేకపోతే మాట మోటుగా తోస్తుంది, మన నోట అది అంతగా రాదు. నీ యాకుత్‌పురా దోస్తు సలాం చెప్పి, ఇంట్లో అందరూ ఖైరియత్ అని అడిగాకే నోట్స్ సంగతి ఎత్తుతుంది. అది సాగదీత కాదు, మర్యాద. రంజాన్‌లో రాత్రి రెండింటికి మెసేజ్ పెడితే విసుక్కోకు. తరావీ నమాజు అయ్యాక సహరీ దాకా వాళ్లిల్లు మేలుకునే ఉంటుంది. నువ్వు పొద్దున చూసుకో. లాల్ దర్వాజా బోనాలప్పుడు నువ్వూ జవాబివ్వవు కదా, ముందే ఒక మాట రాసిపెట్టు. సూడాన్ నుంచి వచ్చి మీతో చదివే అబ్బాయికి బోనాల సంగతి ఎట్లా తెలుస్తుంది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ ప్రాజెక్టు అమ్మాయి "ఓకే" అని ఊరుకుంటే పొగరన్నావు. పరాయి భాషతో తిప్పలు మన ఊళ్లో కొత్తేం కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు చదువు ఉర్దూలో సాగింది. పుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక విభాగమే నడిపారు. ఇంట్లో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే పిల్లలు మాత్రం లెక్కలు, సైన్సు పరాయి భాషలోనే నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మీ గ్రూపంతా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల రెండు వాక్యాలు రాసి, తప్పులుంటే నవ్వుతారేమోనని చెరిపేసి, చివరికి "ఓకే" పెడుతుంది. అందులో పొగరెక్కడుంది? తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమను, ఆ ప్రాజెక్టు గురించి ఎంత వివరంగా చెబుతుందో విను.

ఈ రోజు మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడిగి, గ్రూపులో అట్లా అడగడం సరికాదని చెప్పు. పని సంగతి ఆ తర్వాత. ఎత్తకపోతే వెంటవెంటనే చెయ్యకు, సాయంత్రం దాకా ఆగు. మళ్లీ గ్రూపులో చేర్చాలనుకుంటే ముందు ఆమెనే అడుగు.

నీ మేనత్త