యాడిదాకా?

1976లో నాకు ఉద్యోగం వచ్చింది. కర్నూలు జిల్లా ఆత్మకూరు తాలూకాలో, నల్లమల అంచున ఒక పల్లె బడి. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. వాన పడితే ఆ రెండూ లేవు. 1991లో పాత స్కూటర్ కొనుక్కునేదాకా, పదిహేనేళ్ల పాటు కర్నూలు–గుంటూరు రోడ్డు మీద నేను చెయ్యెత్తని వారం లేదు. లారీలు, ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు, ఒకసారి పెళ్లివాళ్ల వ్యాను ఎక్కాను. ఆ రోజు భోజనం కూడా అక్కడే అయింది.

మొన్న మనవడు ఫోన్లో కారు పిలిపించుకుంటూ, "ముక్కూ మొగం తెలీనోళ్ల బండి ఎట్లా ఎక్కేవాడివి తాతా?" అన్నాడు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. గుర్తొచ్చిన వరుసలోనే రాశాను.

1. మిట్ట ఎక్కే బండిని ఆపొద్దు.

కొత్తలో తెలియక మిట్ట నడిమధ్యలో నిలబడి చెయ్యెత్తాను. నిండా లోడున్న లారీ. పాపం, ఆపాడు. మళ్లీ కదలడానికి దాని ప్రాణం పోయినంత పనైంది. క్లీనర్ పిల్లోడు దిగి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. బండి కదిలాక రాయి తీసి, పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. పదిహేనేళ్లుంటాయేమో. రొప్పుతూ నా వైపు చూసి, "సదువుకున్నోడివి, మిట్ట మీదనా సార్ ఆపేది?" అన్నాడు.

అప్పటినుంచి బండి దానంతటది నెమ్మదించే చోటే నిలబడేవాణ్ని. బైర్లూటి ఫారెస్టు చెక్‌పోస్టు, టీ అంగడి, లేదంటే ఊరి మొదట్లో గతుకులు. ఆపినవాడికి డీజిల్ దండగ కాకూడదు. అడవిలో పొద్దు వాలాక అసలు నిలబడేవాణ్నే కాదు. అది పులులు తిరిగే చోటు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చిన అడవి అది.

2. ఊళ్లో అడిగే ప్రశ్న వేరు, రోడ్డు మీద అడిగే ప్రశ్న వేరు.

కొత్త పల్లెలో అడుగుపెడితే మొదట అడిగేది "ఎవురి పిల్లోడివి?" అని. ఊరు చెబితే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చెబితే ఇంకా ఏదో మిగిలినట్టు ఆగుతారు. ఆ ఆగడం దేనికో మన దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అది తేలాకే చెంబులో నీళ్లిస్తారా, దోసిట్లో పోస్తారా అన్నది తేలుతుంది.

లారీ డ్రైవరు తలుపు తీసి అడిగేది ఒకటే మాట. "యాడిదాకా?" నువ్వు ఎవరన్నది అతనికి అక్కర్లేదు, ఎక్కడ దింపాలో తెలిస్తే చాలు. క్యాబిన్‌లో నీళ్ల క్యాను ఒకటే ఉండేది. డ్రైవరు తాగి, నేను తాగి, క్లీనర్ తాగేవాళ్లం. పదిహేనేళ్లలో నా ఇంటిపేరు అడిగిన డ్రైవర్లు ఇద్దరో ముగ్గురో. రోడ్డు మీద కులం లేదని నేను అనను. ధాబాల దగ్గర చూశాను. కానీ ఆ క్యాబిన్‌లో మాత్రం నేను చూడలేదు.

3. ఎక్కినవాడికీ ఒక పని ఉంది.

డ్రైవరు పక్కన కూర్చుని కునుకు తీయకూడదు. నీ నిద్ర అతనికి అంటుకుంటుంది. రాత్రి పూట బండి ఆపేదే చాలాసార్లు మాటతోడు కోసం. నేను మర్యాద రామన్న కథలు చెప్పేవాణ్ని. సినిమా కథలు చెప్పేవాణ్ని, చూడనివి కూడా.

ఒక డ్రైవరుకు మంచి గొంతు ఉండేది. తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' పద్యాలన్నీ నోటికొచ్చు. స్టీరింగ్ మీద తాళం వేస్తూ, రాగం సాగదీస్తూ పాడుతున్నాడు. ఒకచోట మాట తప్పు పలికాడు. నాకు నోరు ఊరుకోదు కదా, బడిపంతుల్ని. దిద్దాను. "అట్లనా సార్" అన్నాడు. అంతే, దోర్నాల దాకా ఇంకో పద్యం ఎత్తలేదు. ఆ ముప్పై మైళ్ల మౌనం నాకు ఇప్పటికీ బరువే. పాడేవాడి బండిలో కూర్చుని పాడేవాడి నోరు మూయించాను.

4. డబ్బు తీసుకున్నాడని దయను తక్కువ చేయొద్దు.

దిగేటప్పుడు క్లీనర్ చేతిలో ఎంతోకొంత పెట్టడం రివాజు. బస్సు చార్జీలో సగం అనుకోండి. మా హెడ్మాస్టరు గారు "అది వ్యాపారమయ్యా, సాయం ఎట్లవుతుంది?" అని వాదించేవారు. నాకట్లా అనిపించలేదు. ఆ రూపాయి కోసమే అయితే, జ్వరంతో వణుకుతున్న నన్ను ఆత్మకూరు ఆసుపత్రి గేటు దాకా తీసుకుపోయి, బండి రోడ్డు మీద పెట్టి, లోపలికి నడిపించుకుపోవాల్సిన పని ఆ డ్రైవరుకు లేదు. అతనూ పైసలు తీసుకున్నాడు. తీసుకుంటేనే మళ్లీ చెయ్యెత్తడానికి మనకూ మొహమాటం ఉండదు.

5. పెట్టింది వద్దనకు.

ఇది 1981 ఎండాకాలం మాట. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్నుతాయని కృష్ణ ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు. నందికొట్కూరు రోడ్డులో నేను చెయ్యెత్తితే ఒక లారీ ఆగింది. క్యాబిన్‌లో చోటు లేదు, వెనక ఎక్కమన్నారు. ఎక్కి చూస్తే ఒక ఇల్లు మొత్తం అందులో పడుకోబెట్టి ఉంది. దూలాలు, ద్వారబంధం, పసుపు బొట్లు చెరగని గడప, రోలు, కాళ్లు కట్టేసిన రెండు మేకలు. వాటి మధ్య ఒక ముసలావిడ, ఆమె కోడలు, ముగ్గురు పిల్లలు. నేను పోయి దూలం మీద కూర్చున్నాను. ఆ దూలం కింద వాళ్లు ఎన్నేళ్లు పడుకున్నారో!

మధ్యాన్నం మూట విప్పి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి నాకూ ఇచ్చింది అవ్వ. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఇల్లు పోయినవాళ్ల కూడు తినడమా? "వద్దులే అవ్వా, ఆకలి లేదు" అన్నాను.

"మా ఊరి జొన్నలు నాయనా. మళ్లీ యాడ పండుతాయి? తిను" అంది.

తిన్నాను. ఏం మాట్లాడాలో తోచక, రోడ్డు మీద అందరూ అడిగేదే నోటికొచ్చింది. "యాడిదాకా అవ్వా?" ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "దించినంతదాకా" అంది.

ఆ నీళ్లలోనే మునిగిన సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. జనం బండ్లు కట్టించుకుని చూడబోతారు. నేనూ రెండుసార్లు పోయాను. అవి రాతిగోడలు, నిలిచాయి. ఆ అవ్వ ఊళ్లోవి మట్టి మిద్దెలు.

6. ఆడవాళ్ల రోడ్డు వేరు.

మా ఇంటావిడా టీచరే. అదే రోడ్డు, అవే ఏళ్లు. ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. బస్సు తప్పితే తోటి టీచరమ్మ ఇంట్లో పడుకునేది, లేకపోతే సెలవు పెట్టేది. నేను లోకం మంచిదని కథలు చెబుతుంటే వంటింట్లోంచి ఒక నవ్వు వినబడుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

7. మోసపోయింది ఒక్కసారే.

స్కూటర్ కొన్నాక ఒకాయన్ని ఎక్కించుకున్నాను. అంగడి దగ్గర ఆపమని దిగి, నా సంచితో సహా మాయమయ్యాడు. అందులో అరవై రూపాయలు, ఏడో తరగతి క్వార్టర్లీ జవాబు పత్రాలు. వారం తర్వాత ఆ పత్రాలు దారంతో కట్టి, బస్సు కండక్టరు చేత బడికి పంపించాడు. దొంగకు కూడా పిల్లల మార్కుల మీద జాలి కలిగిందో, లేక ఆ రాతలు చదివి భయపడ్డాడో.

8. ఏం కావాలో వాళ్లనే అడుగు.

ఉగాది ముందు కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచిపోతారు. ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి మీదుగా అడవిలోకి దిగి, పెద్దచెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుతారు. ఒక ఏడు ఒక ముసలాయన కుంటుకుంటూ పోతుంటే స్కూటర్ ఆపి ఎక్కమన్నాను. దణ్ణం పెట్టి, అడ్డంగా తలూపాడు. మొక్కు నడకదే. నేను మళ్లీ మళ్లీ అడిగాను, పుణ్యం ఎక్కడ పోతుందో అన్నట్టు. చివరికి ఆయన నా స్కూటర్ కేసి చూసి, తన కాళ్లకేసి చూపించి నూనె సైగ చేశాడు. ఇంటికి పోయి ఆముదం తెచ్చాను.

9. నేను ఆపని రోజు.

1996. సందె వేళ. రోడ్డు పక్కన సైకిలు, పక్కనే మనిషి పడి ఉన్నాడు. స్కూటర్ నెమ్మదించాను. పోలీసులు, స్టేషను, సాక్ష్యం, సెలవులు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆపలేదు. ముందున్న టీ అంగడిలో చెప్పి పోయాను. ఎవరో ట్రాక్టరతను ఎత్తుకుని ఆసుపత్రిలో వేశాడట. మనిషి బతికాడు. ట్రాక్టరతను మాత్రం మూడుసార్లు కోర్టుకు తిరిగాడని తర్వాత విన్నాను.

ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు. గాయపడ్డవాణ్ని ఆసుపత్రిలో చేర్చినవాడి పేరు, అడ్రసు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో అది 134ఎ సెక్షను అయింది. ఆ రక్షణ ఇరవై ఏళ్ల ముందే ఉండుంటే ఆపేవాణ్నా? ఏమో, చెప్పలేను.

చట్టం ఇంకోవైపు కూడా పనిచేసింది. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాడికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కట్టనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ భారం ఓనరు నెత్తిన పడుతుంది. అందుకే ఇప్పుడు లారీలు ఆగవు. డ్రైవర్ల మనసు రాయైపోయిందని తిట్టుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

10. పది పూర్తి చేద్దామని అంకె వేశాను కానీ, ఇక్కడ చెప్పడానికి పాఠం లేదు, విన్నపమే ఉంది. కళ్లకు శుక్లాలొచ్చి, డాక్టరు బండి మానుకోమన్నారు. పోయిన నెల స్కూటర్ అమ్మేశాను. బ్యాంకు పనికి పోవాలంటే ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ చెయ్యెత్తాల్సి వస్తోంది. పొద్దున పదింటికి, ఆత్మకూరులో, మిట్ట దిగాక వేపచెట్టు కింద నిలబడతాను. తెల్ల చొక్కా, నల్ల గొడుగు. హెల్మెట్ నా దగ్గరే ఉంది. అటు వస్తే ఆపండి.