నదికి సరిహద్దులు తెలియవు

మీ అట్లాసులో ఐరోపా పటం తీయండి. స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ పర్వతాల మీద పుట్టిన రైన్ నదిని వేలితో అనుసరిస్తూ పొండి. అది లీక్టెన్‌స్టైన్, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల అంచులను తాకుతుంది. జర్మనీ గుండా సాగి, నెదర్లాండ్స్‌లో ఉత్తర సముద్రాన్ని చేరుతుంది. పొడవు సుమారు 1,230 కి.మీ. మన గోదావరి కంటె చిన్నదే. అయినా దాదాపు 3 కోట్ల మందికి తాగునీరు ఆ నదీజలాల నుంచే అందుతుంది. దాని ఒడ్డునే పెద్ద పెద్ద రసాయన కర్మాగారాలూ ఉన్నాయి.

ఎగువ దేశం విడిచిన నీటినే దిగువ దేశం తాగాలి. మరి ఎగువన ప్రమాదం జరిగితే?

ఎర్రబారిన నది

1986 నవంబరు 1వ తేదీ తెల్లవారక ముందే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం దగ్గర సాండోజ్ కంపెనీ గిడ్డంగి అంటుకుంది. అందులో సుమారు 1,350 టన్నుల రసాయనాలున్నాయి. ఎక్కువ భాగం పురుగుమందులు. అగ్నిమాపక దళం నీళ్లు చల్లి మంటలను ఆర్పింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. చల్లిన నీరు కోటి లీటర్లకు పైమాటే. అది రసాయనాలను కడుగుకుంటూ పోయి రైన్‌లో కలిసింది. గిడ్డంగిలో రంగు పదార్థం కూడా ఉండటంవల్ల నది ఎర్రబారింది.

పురుగుల నరాలను దెబ్బతీసే మందు చేపల నరాలను మాత్రం విడిచిపెడుతుందా? నది అడుగున తిరిగే ఈల్ చేపలు (మన మలుగుల వంటివి) సుమారు లక్షన్నర చచ్చిపోయాయి. దిగువ ఊళ్లలో నదినుంచి నీరు తోడుకోవడం ఆపివేయవలసి వచ్చింది. పైగా ప్రమాదవార్త దిగువ దేశాలకు అందవలసినంత త్వరగా అందలేదు.

ఒక చిన్న లెక్క

నది వేగం సెకనుకు 1 మీటరు అనుకుందాం. అంటే గంటకు 3.6 కి.మీ., రోజుకు సుమారు 86 కి.మీ. బాసెల్ నుంచి నెదర్లాండ్స్ సరిహద్దుకు నది వెంబడి సుమారు 700 కి.మీ. 700ను 86తో భాగించండి. ఎనిమిది రోజులకు పైగా వస్తుంది.

చూశారా! విషం ఎనిమిది రోజులు ప్రయాణం చేస్తుంది. టెలిఫోను కబురు నిమిషంలో చేరుతుంది. వెంటనే కబురందితే దిగువ ఊళ్లు ట్యాంకులు నింపుకుని, విషపు నీరు దాటిపోయేవరకు పంపులు ఆపుకోవచ్చు. కబురందకపోతే ఆ ఎనిమిది రోజులూ వృథా.

దేశాలు ఏం చేశాయి?

రైన్ పరిరక్షణకు అంతర్జాతీయ సంఘం 1950లోనే ఏర్పడింది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ అందులో చేరాయి. దాని కార్యాలయం జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉంది. కాని చాలాకాలం పని నత్తనడకన సాగింది. 1986 ప్రమాదం అందరినీ కదిలించింది. మరుసటి ఏడే, 1987లో, ఒక కార్యక్రమాన్ని అంగీకరించారు.

కర్మాగారాల దగ్గర మంటలార్పిన నీటిని పట్టి ఉంచే తొట్లు కట్టారు. నది పొడవునా హెచ్చరిక కేంద్రాలను పటిష్ఠం చేశారు. ఎక్కడ విషం కలిసినా అది ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో కంప్యూటరుతో లెక్కకడతారు. మనం పైన చేసిన లెక్కే, మరింత వివరంగా అన్నమాట! 1991లో స్విట్జర్లాండ్ పెద్ద ప్రమాదాల నివారణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

వరద కూడా అంతే

19వ శతాబ్దంలో ఇంజనీర్లు రైన్ ఎగువభాగంలో వంకరలను తీసివేసి నదిని తిన్నగా చేశారు. దారి సుమారు 80 కి.మీ. తగ్గింది. దారి తగ్గితే వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే వేగం పెరుగుతుంది. గట్లు కట్టడంతో నీరు పక్కలకు పరచుకునే చోటూ తగ్గింది. ఎగువవారికి మేలు చేసిన పని దిగువవారికి ముప్పయింది. 1993లో, 1995లో పెద్ద వరదలు వచ్చాయి. 1995లో నెదర్లాండ్స్‌లో సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు.

1998లో ఈ దేశాలు వరదల విషయంలోనూ ఉమ్మడి ప్రణాళిక వేసుకున్నాయి. గట్లను ఎత్తు చేయడమొక్కటే చాలదు, నదికి చోటివ్వాలి అన్నది దాని సారం. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నగరం దగ్గర గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన మరొక పాయ తవ్వారు.

తిరిగి వచ్చిన చేప

మన పులస సముద్రంనుంచి గోదావరికి ఎదురీదినట్లే సాల్మన్ చేప రైన్‌కు వచ్చేది. 1950 దశకం నాటికి అది కనిపించకుండా పోయింది. 1990లో ఉపనది అయిన జీగ్‌లో మళ్లీ కనిపించింది. ఆనకట్టల పక్కన చేపలు ఎక్కేందుకు మెట్లదారులు కడుతున్నారు. అయితే బాసెల్ వరకు దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. నదిని పాడుచేసినంత త్వరగా బాగుచేయలేము.

మన గోదావరి

రైన్ ఒడ్డున మంటలు లేచిన 1986లోనే, ఆగస్టు 16న, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ నీటిలో చాలా భాగం మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలనుంచి ప్రాణహిత, ఇంద్రావతి నదులు తెచ్చేదే. అందుకే ఎగువ కేంద్రాలలో నీటిమట్టం కొలిచి కిందికి తెలుపుతారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. ఎగువ కొలత వేళకు అందితేనే దిగువ ఊరు మేల్కొంటుంది.

చేసి చూడండి

పెద్దవాళ్లను తోడు తీసుకుని మీ ఊరి పంటకాలువ దగ్గరకు వెళ్లండి. గట్టు మీద 10 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. నీటిలో ఒక ఎండుటాకు వేసి, మొదటి గుర్తునుంచి రెండవ గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరుతుందో మూడుసార్లు చూసి సగటు కట్టండి. దూరాన్ని కాలంతో భాగిస్తే పైనీటి వేగం వస్తుంది. అడుగునీరు కొంచెం మెల్లగా పారుతుంది గనుక దాన్ని 0.8తో గుణించండి.

ఇప్పుడు చెప్పండి: ఎగువ ఊళ్లో ఎవరైనా పురుగుమందు డబ్బా ఆ కాలువలో కడిగితే, ఆ నీరు మీ ఊరికి ఎంతసేపటిలో చేరుతుంది? మీ ఊరినుంచి కింది ఊరికి ఎంతసేపటిలో చేరుతుంది?