తనఖా: దాని విధములు, నిబంధనలు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత యెఱుగనివారు లేరు. ఈ రెండు కార్యములకును అప్పు తఱచుగా తోడు వచ్చును. కుటుంబములలో పెద్దలు వ్రాలు చేయవలసిన కాగితమును చదివి చెప్పువారు చదువుకొన్న బిడ్డలే గనుక, విద్యార్థులు ఈ విషయమును పాఠముగా నేర్చుకొనుట యుక్తము.

1. తనఖా యననేమి?

నగలవంటి చరాస్తిని ఋణదాత చేతికిచ్చి సొమ్ము తెచ్చుకొనుట కుదువ. ఇల్లు, పొలము మొదలగు స్థిరాస్తియందలి హక్కును అప్పునకు పూచీగా బదలాయించుట తనఖా. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 58వ సెక్షనునందు, ఆఱు విధముల తనఖాలను చెప్పుచున్నది.

సాదా తనఖాలో ఇల్లు యజమాని స్వాధీనమందే యుండును. బాకీ తీరనియెడల ఋణదాత న్యాయస్థానము ద్వారా దాని నమ్మించును. భోగ్యపు తనఖాలో ఆస్తి ఋణదాత స్వాధీనమై, దాని అద్దెయో ఫలసాయమో వడ్డీకి గాని అసలుకు గాని చెల్లువేయబడును. ఆంగ్ల తనఖాలో గడువునాటికి సొమ్ము చెల్లింతునని యొప్పుకొని ఆస్తిని బదలాయించి, చెల్లించిన పిమ్మట మరల వ్రాయించుకొందురు. దస్తావేజుల దాఖలు తనఖాలో హక్కు పత్రములను ఋణదాతయొద్ద నుంచుదురు. నేడు బ్యాంకులు ఇండ్లకిచ్చు అప్పులలో ఇదియే మిక్కిలి వాడుక. షరతు విక్రయ తనఖాలో పైకి అమ్మకమే. సొమ్ము తిరిగి యిచ్చినచో ఆ యమ్మకము రద్దగును. వీనిలో దేనియందును చేరనిది ఆఱవది.

షరతు విక్రయమునందు మిక్కిలి జాగ్రత్త వలయును. తిరిగి యిచ్చెదమను షరతు ఆ విక్రయ పత్రమునందే వ్రాయబడియుండవలెనని 1929లో చట్టమునకు చేర్చిరి. “కాగితము మాటకేగాని, సొమ్మియ్యగానే ఇల్లు మీదే” యను నోటిమాటను నమ్మి విక్రయ పత్రముపై వ్రాలు చేసినవాడు ఇల్లే పోగొట్టుకొనవచ్చును.

దస్తావేజుల దాఖలు తప్ప, అసలు 100 రూపాయలు గాని అంతకు మించి గాని యున్న తనఖాను ఇద్దఱు సాక్షుల వ్రాళ్లతో రిజిస్టరు చేయించవలెను.

2. విమోచన హక్కు

బాకీ సొమ్ము గడువునకు వచ్చిన పిమ్మట, దానిని చెల్లించి ఆస్తిని విడిపించుకొను హక్కును 60వ సెక్షను ఇచ్చుచున్నది. “ఒకసారి తనఖా యైనది ఎప్పటికిని తనఖాయే” యనునది న్యాయస్థానముల సూత్రము. విడిపించుకొనరాదని పత్రములో వ్రాసికొన్నను ఆ మాట చెల్లదు. అయితే 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము విమోచన దావాకు సాధారణముగా 30 ఏండ్లు గడువు.

3. వాయిదాల లెక్క

నూటికి ఏటికి 9 వడ్డీపై 10,00,000 రూపాయలు 20 ఏండ్లకు తీసికొన్నచో నెల వాయిదా సుమారు 8,997 రూపాయలు. మొదటి నెలలో 7,500 వడ్డీకే పోయి, అసలులో 1,497 మాత్రమే తీఱును. మొత్తము వడ్డీ సుమారు 11,59,000. అదే అప్పు 15 ఏండ్లకైనచో వాయిదా 10,143. వడ్డీ సుమారు 8,26,000. నెలకు 1,146 రూపాయలు హెచ్చుగా కట్టగలవారికి 3,33,000 మిగులును.

వడ్డీ రేటు మాఱుచుండు అప్పులలో, రేటు పెరిగినప్పుడు వాయిదా పెంచుటయా, గడువు పొడిగించుటయా యని ఋణగ్రస్తుని కోరవలెనని 2023లో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. అట్టి గృహ ఋణములను వ్యక్తులు ముందుగా తీర్చినచో బ్యాంకులు అపరాధపు రుసుము తీసికొనరాదని 2012లోనే ఆజ్ఞ వెలువడెను.

4. వాయిదా తప్పినచో

బాకీ 90 దినములు మించి నిలిచినచో బ్యాంకు దానిని నిరర్థక ఆస్తిగా లెక్కించును. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము ప్రకారము, న్యాయస్థానపు డిక్రీ లేకయే, 60 దినముల నోటీసుపై ఇంటిని స్వాధీనపఱచుకొనగలదు. నోటీసునకు ఆక్షేపణ తెలిపినచో 15 దినములలో బ్యాంకు సమాధాన మియ్యవలెను. స్వాధీనపు చర్య జరిగిన పిమ్మట 45 దినములలో ఋణ వసూలు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. నోటీసును చదువక పెట్టెలో దాచుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

5. జ్ఞాపకముంచుకొనవలసినవి

ఇల్లు కొనకముందు రిజిస్ట్రారు కచేరీనుండి ఈ.సి. తెప్పించి, పాత తనఖాలున్నవేమో చూడవలెను. దస్తావేజుల దాఖలు తనఖా రిజిస్టరు కాక యుండవచ్చును గనుక అసలు పత్రములను కూడ అడిగి చూడవలెను. అప్పు తీరిన 30 దినములలో బ్యాంకు ఆ పత్రములను తిరిగి యియ్యవలెను; తన తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెను. ఈ నియమము 2023 డిసెంబరు 1 నుండి వర్తించుచున్నది. పత్రములతోపాటు బాకీ లేదను పత్రమును పుచ్చుకొని, రిజిస్టరులోని తనఖాను కొట్టివేయించుకొనుట మఱవరాదు.

అభ్యాసము: పై లెక్కలో రెండవ నెల వడ్డీ యెంత? అసలులో ఎంత తీఱును? మీ ఇంటిలో ఏదైన అప్పు పత్రమున్నచో పెద్దల యనుమతితో చదివి, అది ఏ విధమైన తనఖాయో వారికి తెలియజెప్పుడు.