వార్త చదివే మనిషి
(ద్వితీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి, మొగల్తూరు)

మాది మొగల్తూరు అని చెప్పగానే ఎవరైనా "ఓహో, చిరంజీవి ఊరా? కృష్ణంరాజు గారి ఊరా?" అంటారు. తెరమీద కనిపించే ముఖాలంటే మా ఊరివాళ్ళకి మోజు ఎక్కువే. అయితే మా తాతయ్య గౌరవించే తెరముఖం మాత్రం వేరొకటి. ఆ ముఖం ఫైటింగులు చెయ్యలేదు, డాన్సులు వెయ్యలేదు. బల్ల వెనకాల కూర్చుని వార్తలు చదివింది. ఆయనే శాంతి స్వరూప్ గారు. ఆయన వృత్తి జీవితం నుండి మనబోటి విద్యార్థులు నేర్చుకోదగినది ఏమిటో ఈ చిన్న వ్యాసంలో పరిశీలిద్దాం.

రేడియో నుండి టీవీకి

టీవీ రాకముందు తెలుగువారికి వార్త అంటే ఆకాశవాణి. తరువాత సినీనటుడిగా పేరు తెచ్చుకున్న కొంగర జగ్గయ్య గారు కూడా మొదట ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే. రేడియోలో గొంతు ఒక్కటే పరీక్షకు నిలబడుతుంది. టీవీలో గొంతుతోబాటు కళ్ళు, కనుబొమలు, చేతులు కూడా సాక్ష్యం చెబుతాయి.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. శాంతి స్వరూప్ గారు 1978లో అక్కడ ఉద్యోగంలో చేరారు. కాని తెలుగు వార్తలు చదివే అవకాశం కోసం ఐదేళ్ళు ఆగవలసి వచ్చింది. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు ఆయనే చదివారు. 2011లో పదవీ విరమణ చేసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఈలోగా 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఆ తరువాత ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్ళూ వచ్చాయి. చుట్టూ వేగం పెరిగింది, ఆయన నిదానం మాత్రం తగ్గలేదు. భోపాల్ దుర్ఘటన మీద "రాతి మేఘం" అనే నవల కూడా రాశారు. 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు.

గాజుపలక సంగతి

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. ఈనాటి న్యూస్ రీడర్లు మనవైపే చూస్తూ చదువుతారు కదా, అదెలా సాధ్యం? కెమెరా కటకం ముందు ఒక పలచని గాజుపలకను 45 డిగ్రీల వాలుగా నిలబెడతారు. దాని కింద ఉన్న తెరమీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. గాజు వాటిని పరావర్తనం చేసి చదివేవారికి సరిగ్గా చూపిస్తుంది. చదివేవారి ముఖం నుండి వచ్చే కాంతిలో ఎక్కువ భాగం అదే గాజు గుండా పోయి కటకాన్ని చేరుతుంది. అక్షరాలు చదివేవారికే తప్ప కెమెరాకి కనపడవు. దీనినే టెలిప్రాంప్టర్ అంటారు.

శాంతి స్వరూప్ గారికి మొదటి పదేళ్ళూ ఈ సదుపాయం లేదు. చేతిలో కాగితాలు ఉండేవి. వార్తను ముందే చదివి, మనసులో పెట్టుకొని, తలెత్తి మనతో చెప్పేవారు. తలెత్తి చెప్పాలంటే విషయం అర్థం కావాలి. అర్థం కానిది కంఠస్థం చేస్తే మధ్యలో తెగిపోతుందని పరీక్షలు రాసే మనకి ఒకరు చెప్పాలా!

ఒక్క అక్షరం ఖరీదు

వార్త చదవడంలో అక్షరానికి ఉన్న విలువ డెల్టావాళ్ళకి బాగా తెలుసు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. అంకె తడబడితే లంకల్లో గొడ్లని విప్పాలా, ఉంచాలా అన్నది తారుమారవుతుంది. అలాగే "తుపాను తీరం దాటింది", "తుపాను తీరం దాటనుంది". చూడ్డానికి ఒకే వాక్యంలా ఉంటాయి. మొదటిది వింటే మనిషి తలుపు తీస్తాడు. రెండోది వింటే గడియ వేస్తాడు.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మా నరసాపురం దగ్గరలోనే తీరం దాటింది. ఆ రాత్రి తొమ్మిదింటికి నా ఫోనులో ఒక కబురు వచ్చింది. నేను ముందూ వెనకా చూడకుండా "నాన్నా, తుపాను దాటేసిందంట!" అని అరిచాను. వరి పాలు పోసుకునే అదను. చేలో నీళ్ళు నిలిస్తే ఏడాది కష్టం పోతుంది. నాన్న పార, టార్చిలైటు పుచ్చుకొని గట్టుకి గండి కొట్టడానికి లేచాడు.

మంచంమీంచి తాతయ్య అడిగాడు: "ఎవరు చెప్పార్రా?"

"ఫోనులో వచ్చింది తాతయ్యా."

"ఫోను సంగతి కాదురా. చెప్పిన మనిషెవరు?"

నా దగ్గర జవాబు లేదు. తాతయ్య నాన్నని కూర్చోమన్నాడు. తుపాను తీరం దాటింది అర్ధరాత్రి ప్రాంతంలో. తెల్లారి చూస్తే మా చేనుగట్టు దారికి అడ్డంగా రెండు కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. నాన్న వాటిని చూసి నన్నేమీ అనలేదు. అంటేనే బాగుండేది.

"ఆ రోజుల్లో మనూళ్ళో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కెట్టొచ్చు. అయినా శాంతి స్వరూప్ చెప్పాడంటే ఇంక మారుమాట లేదు. తప్పు చెబితే మర్నాడు మళ్ళీ అదే మొహంతో మన ముందుకి రావాలి కదా" అన్నాడు తాతయ్య.

ఆ మాటలో మొత్తం పాఠం ఉంది. వార్తకి ముఖం ఉండాలి, పేరు ఉండాలి, రేపు జవాబు చెప్పే బాధ్యత ఉండాలి. శాంతి స్వరూప్ గారికి ఇచ్చిన గౌరవం కంఠానికి మాత్రమే కాదు, తరువాత రోజు కూడా వచ్చి కూర్చున్న ఆ ధైర్యానికి.

ముగింపు

మిత్రులారా, ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోను వల్ల మనమందరం వార్తలు చదివేవాళ్ళమే అయ్యాం. ప్రయోగశాలలో రీడింగు మూడుసార్లు తీసుకోనిదే రికార్డులో రాయం కదా. పదిమందికి పంపే కబురుకి ఆ మాత్రం జాగ్రత్త అక్కరలేదా? ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, జరిగిందా లేక జరగనుందా, ఈ మూడూ చూసుకొని మరీ నోరు విప్పుదాం. నేనైతే ఆ రాత్రి నుండి అలాగే చేస్తున్నాను.