కాల్షియం క్లోరైడుతో ఫ్లోరైడు పోతుందా?

విద్యార్థులారా! ఒక లోహ క్లోరైడు ద్రావణానికి మరో లవణ ద్రావణం కలిపితే ఏమేమి ఏర్పడతాయో చెప్పడం మీకు తెలిసిన పనే. రెండు లవణాలలోని అయాన్లను జత మార్చి రాస్తాం. దీనినే ద్వంద్వ వియోగం అంటాం. బేరియం క్లోరైడుకు సోడియం సల్ఫేటు కలిపితే తెల్లని బేరియం సల్ఫేటు అవక్షేపంగా దిగుతుంది. సోడియం క్లోరైడు ద్రావణంలోనే ఉండిపోతుంది. ఈ ప్రశ్నకు పరీక్షలో మార్కులు సులువుగానే వస్తాయి.

కాని నల్లగొండ జిల్లాలో ఈ పాఠం పరీక్షతో ఆగదు. ఒకసారి పదవ తరగతిలో నల్లబల్ల మీద ఈ సమీకరణం రాశాను:

కాల్షియం క్లోరైడు + 2 సోడియం ఫ్లోరైడు → కాల్షియం ఫ్లోరైడు ↓ + 2 సోడియం క్లోరైడు

వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మా ఊరి బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదంటరు గద. ఆ నీళ్లల్ల కాల్షియం క్లోరైడ్ కలిపితే ఫ్లోరైడ్ అంత అడుగుకు పోదా? మీది తేటనీళ్లు తాగొచ్చు గద!"

ఆ పిల్ల తాతకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు. ఊరికే అడిగిన ప్రశ్న కాదది.

"చేసి చూద్దాం బిడ్డా" అన్నాను. ముందు ప్రయోగశాలలోని గాఢ ద్రావణాలు రెండూ పరీక్షనాళికలో కలిపాను. (సోడియం ఫ్లోరైడు విషం. మీరు సొంతంగా చేయకండి.) నాళిక తెల్లబడింది. అందరూ సంతోషించారు. మర్నాడు ఆ అమ్మాయి సీసాలో బోరు నీరు తెచ్చింది. అందులో కాల్షియం క్లోరైడు ద్రావణం కొన్ని చుక్కలు వేశాం. అరగంట గడిచినా నీరు తేటగానే ఉంది. పిల్లలంతా నా ముఖం చూశారు.

మరి సమీకరణం తప్పా? కాదు. చిక్కంతా "కరగదు" అనే మాటలో ఉంది. కాల్షియం ఫ్లోరైడు నీటిలో కరగదని పుస్తకంలో చదువుతాం. నిజానికి లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో ఫ్లోరైడు వాటా దాదాపు 8 మి.గ్రా. బోరు నీటిలో లీటరుకు 5 మి.గ్రా. ఫ్లోరైడు ఉందనుకోండి. దానికి సరిపడా కాల్షియం మాత్రమే కలిపితే, ఏర్పడవలసిన కాల్షియం ఫ్లోరైడంతా కరిగే ఉంటుంది. అవక్షేపం ఎక్కడినుంచి వస్తుంది? మన తాగునీటి ప్రమాణం మాత్రం లీటరుకు 1 మి.గ్రా. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మనిషి ఎముకకు ప్రమాదమైన మోతాదు, ఈ అవక్షేపానికి చాలనే చాలదు!

కాల్షియం పెంచుతూ పోతే ఫ్లోరైడు తగ్గుతుంది కదా అని మీరు అడగవచ్చు. తగ్గుతుంది. ఉమ్మడి అయాన్ ప్రభావమనే పేరుతో ఇంటర్మీడియట్‌లో దీన్ని చదువుతారు. కాని లెక్క వేసి చూస్తే, ఫ్లోరైడును 1 మి.గ్రా. దగ్గరకు దించడానికి లీటరుకు గ్రాముకు మించి కాల్షియం క్లోరైడు కలపాలి. అప్పుడా నీరు నోట పెట్టుకోలేనిది, పప్పు ఉడకని కఠినజలం అవుతుంది.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. ఆ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. వాటిలో ఫ్లోరైటు అంటే మనం చెప్పుకుంటున్న కాల్షియం ఫ్లోరైడే. భూగర్భజలంలో సోడియం బైకార్బనేటు ఎక్కువగా ఉన్నచోట కాల్షియం కార్బనేటుగా విడిపోతుంది, ఫ్లోరైడు నీటిలోకి వస్తుంది. మనం నాళికలో చేసినదాన్ని నేల లోపల నీరు వెనక్కి తిప్పుతోందన్నమాట.

ఇప్పుడు లోహాన్ని మారుద్దాం. ఆ నీటిలో అల్యూమినియం క్లోరైడు వేస్తే ఏమవుతుంది? నా విద్యార్థులు వెంటనే "అల్యూమినియం ఫ్లోరైడు, సోడియం క్లోరైడు" అని రాశారు. జత మార్చడం బాగానే వచ్చింది. కాని నీటిలో ఫ్లోరైడు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బైకార్బనేటు ఉందని మరిచారు. అసలు జరిగేది ఇది:

అల్యూమినియం క్లోరైడు + 3 సోడియం బైకార్బనేటు → అల్యూమినియం హైడ్రాక్సైడు ↓ + 3 సోడియం క్లోరైడు + 3 కార్బన్ డైఆక్సైడు ↑

ఫ్లోరైడు ఈ సమీకరణంలో ఎక్కడా లేదు, చూశారా? అయినా పోయేది అదే! అల్యూమినియం హైడ్రాక్సైడు జిగురు తునకలుగా ఏర్పడుతుంది. ఫ్లోరైడు అయాన్లు వాటిని అంటుకుని, వాటితోపాటే అడుగుకు చేరతాయి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించిన పద్ధతికి ఇదే ఆధారం. దానికి మన జిల్లా పేరే పెట్టి "నల్లగొండ టెక్నిక్" అన్నారు. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా ఆ పేరు తెలుసు. అల్యూమినియం క్లోరైడుకు బదులు చౌకగా దొరికే పటికను వాడవచ్చు. అప్పుడు నీటిలో క్లోరైడుకు బదులు సల్ఫేటు మిగులుతుంది. తోడుగా కొంచెం సున్నం, క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడరు. బకెట్టులో వేసి ముందు వేగంగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి పైనీరు తీసుకోవాలి. సున్నం ఎందుకంటే, నీరు పులుపెక్కితే అల్యూమినియం, ఫ్లోరైడు కలిసి కరిగే సంయోగాలుగా నీటిలోనే ఉండిపోతాయి. మోతాదు తప్పితే అల్యూమినియం కూడా మిగులుతుంది. అడుగు మడ్డిని పారబోయడం ఇంకో తలనొప్పి. ఇంటింటా రోజూ ఇంత శ్రద్ధగా చేయడం కష్టమేనని ఒప్పుకోవాలి.

ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణా నీరు మా ఊళ్లకు వస్తోంది. అయినా పొలం దగ్గర దప్పికయితే బోరు నీరు తాగేవాళ్లున్నారు. నేల కింది రాయి మారలేదు.

మీకొక లెక్క. అదే నీటిలో ఫెర్రిక్ క్లోరైడు వేస్తే క్రియాజన్యాలేమిటి? అవక్షేపం ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. సమీకరణం తుల్యం చేసి మీ సైన్సు టీచరుకు చూపండి.