మారథాన్ ఆదివారం: పరుగు ఒకరిది, బాధ్యత ఇంటిల్లిపాదిది

నలభై దాటాక పరుగు మొదలుపెట్టే సహోద్యోగులు మన చుట్టూ పెరుగుతున్నారు. మొదట పార్కులో రెండు రౌండ్లు, తరవాత పది కిలోమీటర్లు, ఆ తరవాత హాఫ్, ఒకరోజు భోజనాల దగ్గర "ఈసారి ఫుల్ మారథాన్‌కు పేరు ఇచ్చాను" అనే ప్రకటన. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ ఒక పని పడుతుంది. శిక్షణ గురించి రన్నర్‌కు చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ వారాంతంలో భార్య లేదా భర్త, పిల్లలు, పెద్దవాళ్లు ఏం చేయాలో చెప్పేవి తక్కువ. చప్పట్లు కొట్టి ఫొటోలు తీయడంతో కుటుంబం పని అయిపోదు. మన బ్యాంకు భాషలో చెప్పాలంటే, పరుగెత్తేవారు మేకర్, ఇంటివాళ్లు చెకర్. ఈ వ్యాసం ఆ చెకర్ బాధ్యత గురించి.

దూరం ఎందుకు కష్టం?

మారథాన్ దూరం 42.195 కి.మీ. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇది సుమారు 40 కి.మీ. ఉండేది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియం దాకా కొలిచిన దూరమే 1921లో ప్రామాణికమైంది.

పరుగులో ఖర్చయ్యే శక్తికి ఒక మోటు లెక్క ఉంది: కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలో కేలరీ. 60 కిలోల మనిషికి మారథాన్ అంటే దాదాపు 2,500 కిలో కేలరీలు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఇచ్చేది సుమారు 2,000. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వు నిల్వకు కొదవ లేదు కానీ అది నెమ్మదిగా కరుగుతుంది. అందుకే చాలామందికి 30 కి.మీ. దాటాక కాళ్లు బరువెక్కుతాయి, వేగం పడిపోతుంది. రన్నర్లు దీన్నే 'గోడ తగిలింది' అంటారు. మెదడుకు కావలసిన చక్కెర కూడా తగ్గడంతో చికాకు, నిరాశ, తప్పుడు నిర్ణయాలు మొదలవుతాయి.

ఇక్కడే కుటుంబం అవసరం పడుతుంది. "ఇంకా పరుగెత్తగలనా?" అన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పగల స్థితి ఆ సమయంలో పరుగెత్తేవారికి ఉండకపోవచ్చు.

పని రోజు శనివారం

ఉదాహరణకు ముంబై మారథాన్ తీసుకుందాం. 2004లో మొదలైన ఈ పరుగు సాధారణంగా జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. దాని ముందు రోజు చాలా ఏళ్లలో మూడో శనివారం అవుతుంది. మనకు సెలవులు రెండో, నాలుగో శనివారాలే కాబట్టి శాఖ పనిచేస్తుంది. బిబ్ పరుగు రోజున ఇవ్వరు. ముందు రోజుల్లోనే గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. కాబట్టి శనివారం సగం పూట సెలవు కావాలో, గురువారమే వెళ్లి తెచ్చుకోవాలో డిసెంబరులోనే తేల్చుకోవాలి.

ఇంకో సంగతి, సంక్రాంతి. పండుగ అయిన వారం లోపే పరుగు. ఇంట్లో అరిసెలు, జంతికలు, ఊరి నుంచి వచ్చిన సున్నుండలు. పరుగుకు ముందు రెండు రోజులు నూనె, పీచు ఎక్కువగా ఉన్నవి తగ్గించి, అలవాటైన అన్నం, ఇడ్లీ, పెరుగు, అరటిపండు తినాలి. కొత్త హోటల్, కొత్త వంట వద్దు. మూడేళ్ల కిందట మా శ్రీమతి ముంబైలో తన మొదటి ఫుల్ మారథాన్ చేసినప్పుడు, మా అమ్మ అరిసెల డబ్బాను ఆదివారం మధ్యాహ్నం దాకా పైఅరలో పెట్టేసింది. "పరుగు అయ్యాక నీ ఇష్టం కోడలా" అన్న ఆ ఒక్క మాటతో ఆ వారమంతా వంటింట్లో బతిమాలడాలు లేకుండా పోయాయి.

శనివారం రాత్రి ఇంటి పని మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. ఏడింటికల్లా భోజనం ముగించాలి. బట్టలు, బిబ్, పిన్నులు, బూట్లు, జెల్స్, టోపీ ఒక కుర్చీ మీద పెట్టి, పిల్లల్లో ఒకరు జాబితా చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. బంధువుల ఫోన్లు, బిల్లులు, పిల్లల మార్కుల చర్చలు సోమవారానికి వాయిదా వేయాలి. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. అంతకు ముందు రెండు రాత్రులు బాగా పడుకుంటే చాలు.

ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి?

ముంబై ఫుల్ మారథాన్ సీఎస్ఎంటీ దగ్గర మొదలై మెరైన్ డ్రైవ్, పెద్దర్ రోడ్, హాజీ అలీ, వర్లీ మీదుగా సీ లింక్ ఎక్కి, మాహిం వైపు తిరిగి దక్షిణ ముంబైకి వస్తుంది. మార్గంలో ఏటా కొద్దిపాటి మార్పులుంటాయి కాబట్టి ఆ ఏటి మ్యాప్ చూసుకోవాలి. రోడ్లు మూసేస్తారు, కారు పనికిరాదు. లోకల్ రైలే దిక్కు. ఆదివారం మెగా బ్లాక్ ఏ లైన్లో, ఎన్ని గంటలకో ముందే చూసుకోవాలి.

మేం అంధేరిలో ఉండేవాళ్లం. పశ్చిమ లైన్ మీద రెండు చోట్లు ఎంచుకున్నాం: సగం దూరం దగ్గర మాహిం, చివర్లో 39వ కిలోమీటరు దగ్గర మెరైన్ డ్రైవ్. ప్రారంభం దగ్గరకు మేం వెళ్లలేదు. తెల్లవారుజామున మూడింటికి ఆమె తోటి రన్నర్లతో టాక్సీలో వెళ్లింది. ప్రారంభంలో అందరూ ఉత్సాహంగానే ఉంటారు, మన అవసరం తక్కువ. ఉన్న ఓపికను చివరి పది కిలోమీటర్లకు దాచుకోవాలి.

వేళల పట్టిక బాధ్యత తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిది. అయిదింటికి ప్రారంభం, కిలోమీటరుకు 7 నిమిషాల వేగం అనుకుంటే లెక్క ఇలా వచ్చింది:

21 కి.మీ.: 2 గంటల 27 నిమిషాలు. గడియారంలో 7.27.
32 కి.మీ.: 3 గంటల 44 నిమిషాలు. 8.44.
39 కి.మీ.: 4 గంటల 33 నిమిషాలు. 9.33.
ముగింపు: 4 గంటల 55 నిమిషాలు. 9.55.

ఇంతటితో ఆపితే పట్టిక సగమే. 32 తరవాత వేగం 9 నిమిషాలకు పడితే 39వ కిలోమీటరు దగ్గరికి 9.47కు వస్తారు. వేలమంది ఉన్న గుంపులో ప్రారంభ గీత దాటడానికే ఐదు, పది నిమిషాలు పట్టవచ్చు. అంటే 9.33 నుంచి 9.57 దాకా ఎప్పుడు వచ్చినా కంగారు పడక్కర్లేదు. అప్పు వాయిదాకు గడువు ఉన్నట్టే దీనికీ ఒక గడువు ఉండాలి. లేకపోతే 9.35 నుంచే ఇంట్లోవాళ్ల గుండెలు దడదడలాడతాయి.

బూటుకో బిబ్‌కో ఉండే చిప్ కొన్ని చోట్ల మాత్రమే నమోదవుతుంది. రెండు మ్యాట్ల మధ్య మనిషి ఎక్కడున్నదీ యాప్‌లో తెలియదు. గుంపులో ఫోన్ నెట్‌వర్క్ కూడా సన్నగిల్లుతుంది. కాబట్టి పరుగయ్యాక ఫోన్ లేకుండానే కలుసుకునే ఒక చోటు ముందే పెట్టుకోవాలి. "సీఎస్ఎంటీ దగ్గర" అంటే చాలదు, ఏ గేటు, ఏ స్తంభం అన్నది చెప్పుకోవాలి.

ఆపే అధికారం ఎవరిది?

ఇది ఇంట్లో ముందుగా మాట్లాడుకోవలసిన అసలు విషయం. ఆరు నెలల శిక్షణ, ఫీజు, ఆఫీసులో అందరికీ చెప్పిన మాట, ఇవన్నీ కలిసి మనిషిని ముందుకు నెడతాయి. బ్యాంకులో వోచరు తయారుచేసిన మనిషే దాన్ని పాస్ చేయకూడదన్నది ఎందుకో మనకు తెలుసు. నిజాయితీ మీద అనుమానం ఉండి కాదు, తన పని తనకు ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది కాబట్టి. ఇక్కడా అంతే.

పరుగుకు వారం ముందు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఆపాల్సిన లక్షణాలను ఒక కాగితం మీద రాసుకోవాలి. ఛాతీలో నొప్పి లేదా బిగుతు. మాట తడబడటం, పేరు, చోటు చెప్పలేకపోవడం. తూలుతూ నడవడం. ఆగని వాంతులు, తీవ్రమైన తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా చర్చ లేదు, నేరుగా వైద్య సహాయ కేంద్రానికి వెళ్లాలి. వీటిలో రెండు ప్రమాదాలను కుటుంబ సభ్యులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి.

మొదటిది వడదెబ్బ. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. జనవరి ముంబైలో తొమ్మిది దాటాక, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో అయితే తెల్లవారుజాము నుంచే ఈ ఇబ్బంది ఉంటుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి మతి తప్పినట్టు మాట్లాడుతుంటే అది అత్యవసర పరిస్థితి. సహాయం కోసం కేక వేసి, వెంటనే నీడకు చేర్చి, చల్లటి నీళ్లతో, ఐసుతో ఒంటిని చల్లబరచాలి. ఆసుపత్రికి తరలించడం ఆ తరవాతి మెట్టు.

రెండోది చాలామందికి తెలియనిది: నీళ్లు ఎక్కువ తాగడం వల్ల వచ్చే ప్రమాదం. చెమటలో పోయిన దానికన్నా ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవారిలో, నాలుగు గంటలకు మించి పరుగెత్తినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. మనలో చాలామంది ఆ నెమ్మది రన్నర్లమే. కడుపు ఉబ్బరం, వికారం, వేళ్లు వాచి ఉంగరం బిగుసుకోవడం దీని తొలి సూచనలు కావచ్చు. తలనొప్పి, మతిమరుపు, మూర్ఛ ముదిరిన లక్షణాలు. అలాంటి మనిషికి ప్రేమతో ఇంకో సీసా నీళ్లు తాగించడం మేలు కాదు. దాహం వేసినప్పుడు తాగడమే మంచి సూత్రం.

మా ఇంట్లో ఇది పనికొచ్చింది. ఆ ఆదివారం 30 కి.మీ. దాకా అంతా పట్టిక ప్రకారమే నడిచింది. మెరైన్ డ్రైవ్ దగ్గర 9.57 దాటింది. మరో నిమిషానికి ఆమె కనిపించింది, కాళ్లీడుస్తూ. పిల్లలిద్దరూ ముందే అనుకున్న మూడు ప్రశ్నలు అడిగారు: ఇంకా ఎంత దూరం ఉందమ్మా, ఇప్పుడు టైమెంత, ఏమేం తాగావు? మొదటి రెండింటికి జవాబు సరిగా వచ్చింది. మూడోదానికి, "ప్రతి టేబుల్ దగ్గరా తాగుతూనే ఉన్నా" అంది. చేతివేళ్లు ఉబ్బి, వాచీ పట్టీ చర్మంలోకి దిగింది. అడ్డుచెప్పబోయింది కానీ కాగితం మీద తన సంతకం కూడా ఉంది. దగ్గర్లోని వైద్య సహాయ కేంద్రంలో పది నిమిషాలు చూసి, తాగడం ఆపమని, పరుగు వద్దు, నడిచి వెళ్లవచ్చని, ముగిశాక మళ్లీ చూపించుకోమని చెప్పారు. అలాగే నడిచింది. ఆలస్యమైంది, కానీ క్షేమంగా గీత దాటింది. ఆగిపొమ్మని చెప్పి ఉంటే అక్కడే రైలెక్కేవాళ్లం. ఆ కాగితంలో దానికీ ఒప్పుకున్నాం.

గీత దాటాక అరగంట

చాలామంది స్పృహ తప్పేది పరుగులో కాదు, ఆగిన వెంటనే. అప్పటిదాకా రక్తాన్ని పైకి నెట్టిన కాలి కండరాలు ఆగిపోగానే రక్తం కాళ్లలో నిలిచి, రక్తపోటు పడిపోతుంది. అందుకే పతకం వేసుకుని అక్కడే నిలబెట్టి ఫొటోలు తీయవద్దు. పది, పదిహేను నిమిషాలు నడిపించండి. కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టండి. తేరుకోకపోయినా, మతి సరిగా లేకపోయినా వైద్యులను పిలవండి.

పొడి బట్టలు, చెప్పులు మీ సంచిలో ఉండాలి. తినడానికి ఉప్పు, తీపి రెండూ పెట్టుకోండి. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపాలి, అంచనాగా చిటికెడు వేయకూడదు. నొప్పి మాత్రలు వెంటనే ఇవ్వవద్దు. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు భారం. ఆ రోజు రన్నర్ బండి నడపకూడదు. తరవాతి రోజు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, లేదా రాకపోతే, డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అడిగే మొదటి ప్రశ్న "ఎంత టైమ్?" కాకుండా "ఎలా ఉంది?" అయితే బాగుంటుంది.

మొదలుపెట్టక ముందే

నలభై దాటినవారు, బీపీ, మధుమేహం ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారు ఉంటే, శిక్షణ మొదలుపెట్టే ముందే డాక్టరును కలవాలి. పరుగు వారంలో జ్వరం ఉంటే ఆ ఏడు మానుకోవాలి. తన బిబ్‌ను ఇంకొకరికి ఇవ్వకూడదు, ఎందుకంటే దాని మీద ఉన్న అత్యవసర ఫోన్ నంబరు, రక్తవర్గం వేరొకరివవుతాయి. సోమవారానికి వీలైతే సెలవు పెట్టించండి. మెట్లు దిగడం చూస్తే మీకే అర్థమవుతుంది ఎందుకో.

పిల్లలకు ఒక లెక్క

మీ నాన్నగారు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల వేగంతో అయిదింటికి బయలుదేరారు. 30వ కిలోమీటరు దగ్గర ఎన్నింటికి కనిపిస్తారు? ఆ తరవాత కిలోమీటరుకు 8 నిమిషాలైతే 40వ కిలోమీటరు దగ్గర? మొదటి జవాబు 8.15, రెండోది 9.35. ఇప్పుడు దీనికి పది నిమిషాల గడువు కలిపి మీ పట్టిక మీరే రాయండి. దాని కింద, ఆపే లక్షణాల జాబితా రాసి, నాన్నగారి చేత ముందే సంతకం పెట్టించండి.