పన్నెండు దాటిన పిల్లలూ, మన గ్రంథాలయాలూ

గ్రంథాలయమనగానే మనలో చాలామందికి స్ఫురించేది దినపత్రిక చదువుకొనే చోటు. అది తప్పు కాదు గాని, సగమే నిజం. ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని సాయంకాలం పూట శాఖా గ్రంథాలయంలోకి వెళ్లి, బల్లల చుట్టూ కూర్చున్నవారిని ఒక్కసారి పరికించి చూడండి. ఒక బల్ల దగ్గర పెద్దవాళ్లు, అంటే రిటైరైన అయ్యవార్లూ, పత్తి మార్కెట్టులో పని ముగించుకొని వచ్చినవాళ్లూ, పేపరును పాయలు పాయలుగా పంచుకొని చదువుతూ ఉంటారు. ఇంకో బల్ల దగ్గర ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే యువకులు ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకొని చదువుతుంటారు. నిజం చెప్పాలంటే వాళ్లకు కావలసింది గ్రంథాలయం కాదు, ఒక ఫ్యానూ, కాస్త నిశ్శబ్దమూను. సెలవు రోజుల్లో ఓ మూల బొమ్మల పుస్తకాల దగ్గర చిన్నపిల్లలు కనిపిస్తారు. ఈ మూడు గుంపుల్లోనూ కనిపించనివాడు ఒకడున్నాడు. వాడికి పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ల లోపు వయస్సు. కనిపించని ఆడపిల్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం ఆ వయస్సువాళ్ల గురించి.

మన పశ్చిమ ప్రాంతంలో ఆ వయస్సు ఎలాంటిదో తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఊరు. అక్కడ మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలు కండెలు చుట్టడం అన్నం తినడం నేర్చినంత సహజంగా నేర్చుకొంటారు. ఆదోని పత్తి వ్యాపారానికీ, జిన్నింగు మిల్లులకూ పేరుపడి రెండవ బొంబాయి అనిపించుకొన్న ఊరు. ఇక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో వానలు మొగం చాటేస్తే ‘సుగ్గి’కి పోతారు. సుగ్గి అంటే ఇల్లూ వాకిలీ తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు పత్తి తీతకూ, మిరపకాయల కోతకూ వలస పోవడం. ఉగాదికి తిరిగి వచ్చేవాళ్లు చాలామంది. చిన్నపిల్లవాణ్ణి అవ్వ దగ్గర వదిలిపెట్టి పోవచ్చు. పదమూడేళ్లవాణ్ణి మాత్రం వదలరు. వాడి చేతులు అప్పటికే పనికి వస్తాయి గనుక.

మా పెద్దనాన్న కూతురు ఎనిమిదో తరగతి దాకా మా ఊళ్లో అందరికంటే గడగడా చదివేది. రెండేళ్లు సుగ్గికి పోయింది. రెండో ఏడు తిరిగి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పాత కథల పుస్తకం చేతికిచ్చి చదవమన్నాను. రెండు వరుసలు చదివి ఆగిపోయి, “అన్నా, అచ్చరాలు కనపడతాండాయి గానీ కలుస్తా లేవు” అన్నది. చదువు మానినా అక్షరం ఎక్కడికి పోతుందిలే అని అంతవరకు నా నమ్మకం. అక్షరం కూడా పోతుంది. ఎండాకాలంలో చెరువు ఎండినట్లు చడీచప్పుడు లేకుండా పోతుంది. బడి తిరిగి పిలిచేదాకా ఆ నీటిని నిలబెట్టగలిగేది గ్రంథాలయం ఒక్కటే అని నేనంటాను. ఎందుకంటే గ్రంథాలయానికి హాజరుపట్టీ లేదు, తరగతి లేదు, ఫెయిలు లేదు.

గ్రంథాలయం జనం దగ్గరికి పోవాలనే ఆలోచన మనకు కొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి శ్రమ ఉన్నది. ఆ ఉద్యమాన్ని తర్వాత ఏళ్ల తరబడి నడిపించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన కర్నూలులోనే 1883లో పుట్టారు. 1908లో పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు వెళ్లిన ఆ మనిషి, తర్వాత వయోజన విద్యనూ గ్రంథాలయాలనూ రెండు కళ్లుగా చూచుకొన్నారు. ఆ రెండూ ఒకటే పని అని ఆయన ఎరుగును. 1931లో తమిళదేశంలోని మన్నార్‌గుడి దగ్గర పుస్తకాలను ఎద్దుబండి మీద పల్లెలకు తిప్పారు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. అమెరికాలో బాల్టిమోర్ నగర గ్రంథాలయంలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ అనే ఆమె 1930లలో సరిగ్గా మనం చెప్పుకొంటున్న వయస్సు పిల్లల కోసమే పని మొదలుపెట్టి, హైస్కూళ్లకు వెళ్లి పుస్తకాల గురించి కథ చెప్పినట్లు చెప్పి, తర్వాత గుర్రపుబండి మీద కూడా పుస్తకాలు పేదల వీధులకు పట్టుకుపోయింది. ఎద్దు, పడవ, గుర్రం: ఏ దేశంలో ఏది దొరికితే దాని మీద పుస్తకం ఎక్కింది. మన దగ్గర ఇప్పుడు బస్సులూ లారీలూ ఉన్నాయి, పుస్తకం మాత్రం బీరువాలో ఉన్నది.

బీరువా మాట వచ్చింది కాబట్టి శియ్యాళి రంగనాథన్‌గారిని తలచుకోవాలి. ఆయన మొదట మనవంటి సైన్సు విద్యార్థులకు లెక్కలు చెప్పిన అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యాడు. 1931లో అచ్చయిన గ్రంథంలో ఐదు సూత్రాలు చెప్పాడు. వాటి సారాంశం ఇది: పుస్తకాలున్నది వాడుకోవడానికి, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి, పాఠకుడి కాలం వృథా కారాదు, గ్రంథాలయం పెరిగే ప్రాణి. చూడటానికి మామూలు మాటలే. న్యూటన్ సూత్రాలు కూడా చూడటానికి మామూలే గదా! వాడి చూస్తేనే వాటి బలం తెలుస్తుంది.

మొదటి సూత్రమే తీసుకోండి. పూర్వం ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో బల్లకు కట్టేవారట. మనం గొలుసు తీసేసి తాళం పెట్టాం. ఒక ఊళ్లో (ఏ ఊరో ఎందుకులెండి) నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బీరువా అద్దంలోంచి ఒక నక్షత్రాల పుస్తకం చూచి అడిగాను. “చింపితే ఎవరు కట్టేది?” అన్నారు. ఆ ప్రశ్న అడిగినాయన చెడ్డవాడు కాడు. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. తప్పు మనిషిది కాదు, పుస్తకం అరిగిపోవడాన్ని నష్టంగా లెక్కవేసే పద్ధతిది. నాగలి కర్రు అరిగితే ఏ రైతూ ఏడవడు, దున్నిందని అర్థం.

ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉన్నది. అంటే కౌతాళంలో ఇంటికి తాళంవేసి సుగ్గికి పోయినవాడు కూడా పన్ను కట్టినప్పుడు అందులో గ్రంథాలయం వాటా ఉంటుంది. వాడి పిల్లకు పుస్తకం ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం.

సరే, ఆ వయస్సువాళ్లను లోపలికి రప్పించేదెలా? నవంబరు 14 నుంచి 20 దాకా ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. 1968 నుంచి దేశమంతటా జరుగుతున్నాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ముగ్గులు. మంచివే. అయితే నేను పాల్గొన్న ఒకచోట పేరు ఇవ్వాలంటే పక్కనే బడి పేరు వ్రాయమన్నారు. బడి లేనివాడు ఏమి వ్రాయాలి? పైగా పోటీ అనేది ముందే చదివినవాణ్ణి మెచ్చుకొంటుంది, చదవనివాణ్ణి చదివించదు. బహుమతి పుచ్చుకొన్న ముగ్గురూ స్టీలు గిన్నెలతో ఇంటికి పోతారు, మిగతా ముప్పై మంది మళ్లీ నవంబరు దాకా రారు.

ఈ వయస్సు పిల్లలు చేతులతో ఆలోచిస్తారు. కాబట్టి చేసే పనిలోంచి పుస్తకంలోకి దారి వెయ్యాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఎమ్మిగనూరులో కండెలు చుట్టే కుర్రవాడికి నలభయ్యో నంబరు నూలు, అరవయ్యో నంబరు నూలు అని వేళ్లతో తడిమి చెప్పడం వచ్చు. ఆ నంబరు ఏమిటని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. లెక్క చాలా తేలిక. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే నంబరు. నలభయ్యో నంబరు నూలు ఒక పౌనులో 40 చిలపలు, అంటే 33,600 గజాలు. మీటర్లలోకి మారిస్తే 30 కిలోమీటర్ల పైచిలుకు. అర కిలో కంటే తక్కువ బరువున్న ఆ దారం కొస ఎమ్మిగనూరులో పట్టుకొని విప్పుకొంటూ పోతే ఇంచుమించు ఆదోని దాకా వస్తుందన్నమాట! ఈ సంగతి ఒక ఆదివారం గ్రంథాలయంలో ఒక కండె, ఒక త్రాసు, ఒక కొలబద్ద పెట్టుకొని లెక్క కట్టించండి. ఆ కుర్రవాడు తర్వాత అడిగే ప్రశ్నకు పుస్తకం కావలసి వస్తుంది. అప్పుడు బీరువా తెరవండి. రెండవ సూత్రమంటే ఇదే.

పల్లె పిల్లలకు వాన ఉంది. మా నాయన వానను పదునుతో కొలుస్తాడు: వేలు పెట్టి చూచి ‘పదును చాల్లేదు’ అంటాడు. పై నుంచి కింద దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి గ్రంథాలయం ఆవరణలో చెట్టూ గోడా అడ్డం లేనిచోట పెట్టి, పొద్దున్నే స్కేలుతో నీటి ఎత్తు చూచి పుస్తకంలో వ్రాయడానికి ఖర్చేముంది? ఒక మిల్లీమీటరు వాన ఎకరా మీద పడితే 4,047 లీటర్ల నీళ్లు. ఇది లెక్కలో ఒక వరుస. ఈ మాట మొదట నేను విన్నప్పుడు మాత్రం మా చేను కొత్తగా కనపడింది. మూడేళ్లు అలా వ్రాస్తే అది ఆ గ్రంథాలయానికి పిల్లలే చేర్చిన ఒక గ్రంథం అవుతుంది. ఆ ఊరికి తప్ప ఎక్కడా దొరకనిది.

ఏ పుస్తకాలు అనే ప్రశ్నకు పెద్ద జాబితా అక్కరలేదు. చందమామ ఇప్పుడు వెలువడటం లేదు గాని పాత సంచికలు కట్టి ఉంచితే ఈనాటికీ చదివిస్తాయి. పిల్లల విజ్ఞానానికి చెకుముకి పత్రిక ఉంది. మహీధర నళినీమోహన్‌గారి విజ్ఞాన రచనలు ఉన్నాయి. మన ప్రాంతం సంగతి వేరు: 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లావి. ఈనాటికీ ఇక్కడ కన్నడంలో చదువుకొనే పిల్లలున్నారు, ఉర్దూ బడులున్నాయి. తెలుగు ఒక్కటే నింపితే సగంమందికి రెండవ సూత్రం తప్పినట్లే. ఆడపిల్లల కోసమైతే పుస్తకం కంటే ముందు వేళ చూడాలి. చీకటిపడ్డాక తెరచి ఉంచిన గ్రంథాలయం వాళ్లకు మూసినట్లే లెక్క.

ఇక సుగ్గి. ఇదే అన్నిటికంటే కష్టమైనది. గ్రంథాలయం ఎంత బాగున్నా, పిల్ల గుంటూరు జిల్లా చేలల్లో గుడారంలో ఉంటే ఏమి లాభం? నాకు తోచిన ఉపాయం పాతదే: పెట్టె. ఒక రేకుపెట్టెలో ముప్పై పుస్తకాలు, రెండు మూడు నోటుబుక్కులు, పెన్సిళ్లు. ఊరు కదిలే ముందు ఆ ముఠాలో చదువు వచ్చిన ఒక పిల్ల పేరు మీద వ్రాసి ఇవ్వాలి. ఉగాదికి లెక్క చూచుకోవాలి. నాలుగు పుస్తకాలు పోతాయి, రెండు తడుస్తాయి. పోనివ్వండి. నాలుగు నెలలు ముప్పై మంది చేతుల్లో తిరిగిన పెట్టె బీరువాలో పదేళ్లున్న పెట్టె కంటే ఎక్కువ పని చేసింది. శాఖా గ్రంథాలయానికి సిబ్బంది లేకుంటే, పెట్టె సర్దే పనీ, ఉగాదికి లెక్క చూచే పనీ మన కళాశాలలో ఆ వైపు ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులం చేయవచ్చు. ఎటూ పండుగకు ఇంటికి పోతాం గదా. విద్యార్థి సంఘం ఈ ఏడు ఒక పెట్టెతో మొదలుపెట్టాలని నా విజ్ఞప్తి. మొదటి పెట్టెకు నా వాటా రెండు పుస్తకాలు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఈ పెట్టె సంగతి మా పెద్దనాన్న కూతురికి చెప్పి, అందులో ఏమేమి పెట్టాలని అడిగాను. కాసేపు ఆలోచించి, “మిరక్కాయలు తెంపితే చేతులు రేత్రంతా మండుతాయి గదా, నీళ్లు పోసుకుంటే ఇంకా ఎక్కువైతాది, అదెందుకో రాసింది ఉంటే పెట్టన్నా” అన్నది. మంట పుట్టించే పదార్థం నీటిలో దాదాపు కరగదనీ, నూనెలో కరుగుతుందనీ, ముందు నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడగాలనీ చెప్పాను.

“ఇది పుస్తకంలో ఉందా?”

ఉందన్నాను.

“అయితే అది పెట్టు. పెద్ద అచ్చరాలది.”